నిషిద్ధాక్షరి లాంటి ఇంగ్లీషు వాక్యం

ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లీషు రచన పరీక్షలో రెండో ప్రశ్న చూడటానికి ఎంత సాదాగా ఉంటుందో! కొందరు ఫలానా విధంగా అనుకుంటున్నారని ఒక మాట, మీరు దాన్ని ఒప్పుకుంటారా అని ఇంకో మాట. దానికి 40 నిమిషాల్లో కనీసం 250 పదాల వ్యాసం రాయాలి. ఆ వ్యాసం మొదటి వాక్యం ప్రశ్నలోని సంగతినే చెప్పాలి, కానీ ప్రశ్నలోని మాటలను అలాగే దించకూడదు. దించిన మాటలను పరీక్షకులు లెక్కలోంచి తీసేస్తారు. ఈ నిర్బంధంలోంచి పుట్టే వాక్యాలంటే నాకు ప్రాణం. పారాఫ్రేజ్ అని పిలిచే ఈ పని బాగా కుదిరిన చోట, అవధాన సభలో నిషిద్ధాక్షరి పద్యం పూర్తయినప్పటి ఆనందమే కలుగుతుంది.

నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు అవధాని మనసును వెంటాడుతూ ఉంటాడు. ఇప్పుడీ అక్షరం పడబోతోందని ముందే ఊహించి, అది వద్దంటాడు. నోటికి సహజంగా వచ్చే మాటకు దారి మూసుకుపోతుంది. అవధాని ఒక్క క్షణం నిలిచి, మరో పదం వైపు, మరో సమాసం వైపు మళ్లుతాడు. పద్యం పూర్తయ్యాక చూస్తే, నిషేధమే లేకపోతే ఎన్నడూ అందులోకి రాని మాట ఒకటి అక్కడ మెరుస్తూ ఉంటుంది. పరీక్ష గదిలో ప్రశ్నపత్రమే పృచ్ఛకుడు. అందరికీ ముందుగా తోచే మాటలన్నీ అది అప్పటికే వాడేసింది.

ఒక ప్రశ్న ఇలా ఉందనుకుందాం: ‘సమ్ పీపుల్ థింక్ దట్ పబ్లిక్ ట్రాన్స్‌పోర్ట్ షుడ్ బి ఫ్రీ ఇన్ ఆర్డర్ టు రెడ్యూస్ ట్రాఫిక్ ఇన్ సిటీస్.’ నగరాల్లో ట్రాఫిక్ తగ్గాలంటే బస్సులు, రైళ్లు ఉచితం కావాలని కొందరి అభిప్రాయం. పర్యాయపదాల పట్టికలు బట్టీ పట్టిన విద్యార్థి దీన్ని ఇలా మారుస్తాడు: ‘సర్టెన్ ఇండివిడ్యువల్స్ ఒపైన్ దట్ కమ్యూనల్ కన్వేయన్స్ మస్ట్ బి గ్రాటిస్ టు డిమినిష్ వెహిక్యులర్ మూవ్‌మెంట్ ఇన్ మెట్రోపాలిసెస్.’ పాపం, ఎంత శ్రమ పడ్డాడో! దాదాపు ప్రతి మాటా మారింది, వాక్యం మాత్రం అంగుళం కదల్లేదు. కర్త ఉన్నచోటే కర్త, క్రియ ఉన్నచోటే క్రియ. పైగా అర్థం అక్కడక్కడా చెదిరింది. ‘షుడ్’ సలహా, ‘మస్ట్’ శాసనం. ‘సిటీ’లో మన నెల్లూరు, వరంగల్ కూడా ఉన్నాయి, ‘మెట్రోపాలిస్’లోకి అవి రావు. ఇక ‘కమ్యూనల్’ మన దేశంలో వినగానే మతం గుర్తొస్తుంది, బస్సు గుర్తురాదు. పరీక్ష ప్రమాణాలు అరుదైన మాటలకు విలువ ఇస్తాయి, నిజమే. ఆ మాటకు ఏ ధోరణి తగునో, ఏ మాట పక్కన అది ఇముడుతుందో తెలిసి వాడటాన్ని కూడా అవే ప్రమాణాలు అడుగుతాయి. పట్టిక ఈ రెండో సంగతి చెప్పదు.

ఈ రెండో సంగతిని వెయ్యేళ్ల కిందట కాశ్మీరంలో ఆలంకారికుడు కుంతకుడు చెప్పాడు. ఒక అర్థానికి మాటలు ఎన్నున్నా, కవి చెప్పదలచుకున్నదాన్ని అచ్చంగా పలికేది ఒక్కటే ఉంటుందనీ, కావ్యంలో శబ్దం అనిపించుకునే అర్హత దానికేననీ ‘వక్రోక్తిజీవితం’లో ఆయన తేల్చాడు. పర్యాయపదాన్ని ఎంచుకోవడంలోనే ఉన్న అందానికి పర్యాయవక్రత అని పేరు కూడా పెట్టాడు. ఆయన చర్చించిన ఉదాహరణల్లో కాళిదాసు కుమారసంభవం అయిదో సర్గలోని ఘట్టం ఒకటి. బ్రహ్మచారి వేషంలో వచ్చిన శివుడు పార్వతి ఎదుట తనను తానే నిందించుకుంటాడు. శివుడికి పేర్లు వెయ్యి. పినాకి అంటే విల్లు కనిపిస్తుంది, వీరం ధ్వనిస్తుంది. కాళిదాసు అక్కడ కపాలి అన్నాడు. పుర్రె పట్టుకున్నవాణ్ణి కోరుకుంటున్నావా అన్న ఏవగింపు మొత్తం ఆ ఒక్క పేరులో ఇమిడింది. వ్యక్తి ఒకడే అయినా, ఏ పేరుతో పిలిచామన్నదాన్నిబట్టి ఆయన వేరుగా కనిపిస్తాడు.

ఇంగ్లీషు పర్యాయపదాలకు ఈ చూపు మరీ అవసరం. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక ఆ భాష మీద ఫ్రెంచి ఒక పొరగా పరుచుకుంది. పండితుల లాటిన్ మరో పొర అయింది. అందుకే ఒకే అర్థానికి అక్కడ మూడు అంతస్తులు కనిపిస్తాయి. ‘ఆస్క్’ ఇంటి మాట, ‘క్వశ్చన్’ కాస్త నిలదీసే మాట, ‘ఇంటరాగేట్’ పోలీస్ స్టేషన్ మాట. తెలుగువాళ్లకు ఇది కొత్త కాదు. రక్తదాన శిబిరం అంటాం, రుధిరదాన శిబిరం అనం, నెత్తురుదాన శిబిరం అసలే అనం. మన భాషలో ఇంత నిక్కచ్చిగా ఉండే చెవి, ఇంగ్లీషు దగ్గరికి వచ్చేసరికి ‘థింక్’ బదులు ‘ఒపైన్’ అని ఎలా ఒప్పుకుంటుంది? ఆ చెవిని మూసేసి పట్టికను నమ్మమని నేర్పడం నాకు బాధ కలిగిస్తుంది.

మళ్లీ మన ప్రశ్న దగ్గరికి వద్దాం. దానికి ఈ పారాఫ్రేజ్ చూడండి: ‘దేర్ ఆర్ కాల్స్ టు స్క్రాప్ బస్ అండ్ ట్రెయిన్ ఫేర్స్ సో దట్ ఫ్యూయర్ పీపుల్ డ్రైవ్ ఇన్ సిటీస్.’

దీన్ని ఎన్నిసార్లు చదివినా నాకు తనివి తీరదు. ముందు ఆ ‘కాల్స్’ అన్న నామవాచకం చూడండి. ప్రశ్నలో కొందరు ఉన్నారు, వాళ్ల ఆలోచన ఉంది, ఇలా జరగాలన్న కోరిక ఉంది. ‘సమ్ పీపుల్ థింక్’ నుంచి ‘షుడ్’ దాకా పరచుకున్న ఆ మూడింటినీ ‘కాల్స్’ ఒక్కటే మింగేసింది. పిలుపు అంటేనే పిలిచేవాళ్లు కొందరు ఉంటారు, వాళ్లు కోరేది ఒకటి ఉంటుంది, అది ఇంకా జరగలేదని కూడా తెలుస్తుంది. ఏదీ జారిపోలేదు. తర్వాత ‘ఫ్రీ’ ఏమైందో చూడండి. ఉచితం అన్న గుణం అదృశ్యమై, ఛార్జీలను ఎత్తేయడం అన్న పని వచ్చింది. ప్రయాణికుడి వైపు నుంచి చూస్తే ఉచితం, టికెట్టు వైపు నుంచి చూస్తే రద్దు. సంగతి అదే, నిలబడి చూసే చోటు మారింది. పర్యాయపద నిఘంటువు ఎంత గాలించినా ‘ఫ్రీ’ కింద ఈ మార్పు దొరకదు. ఎవరు రద్దు చేయాలో వాక్యం చెప్పదు, ప్రశ్న కూడా చెప్పలేదు. ఇక్కడ ‘గవర్నమెంట్’ అని చేర్చాలని చెయ్యి లాగుతుంది. చేర్చి ఉంటే ప్రశ్నలో లేని మనిషిని లోపలికి తెచ్చినట్టయ్యేది. ఆ నిగ్రహం ఎంత ముచ్చటైనదో!

అన్నిటికంటే నాకు నచ్చింది చివరి భాగం. ‘రెడ్యూస్ ట్రాఫిక్’ అన్న బిగుసుకున్న పదబంధం విడిపోయి, కారు నడిపే మనుషులు అందులోంచి బయటికి వచ్చారు. పరిధి కొంచెం కుదించుకుపోయిన మాట నిజం. ట్రాఫిక్‌లో లారీలు, ఆటోలు కూడా ఉంటాయి. అయినా ఈ కుదింపు ఒక రహస్యం విప్పింది. ఛార్జీలు పోతే ట్రాఫిక్ తగ్గుతుందన్న వాదన నిలిచేది ఒకే ఒక్క మేకు మీద: కారు నడిపేవాడు కారు దిగి బస్సు ఎక్కాలి. ప్రశ్న ఆ మేకును నామవాచకాల వెనక దాచింది, పారాఫ్రేజ్ దాన్ని వెలికి తీసింది. ఇక వ్యాసం దానంతట అదే నడుస్తుంది. డబ్బు కోసమేనా మనుషులు కారులో వెళ్తున్నది? 2013లో ఎస్టోనియా రాజధాని టాలిన్ తన నివాసులకు ప్రయాణం ఉచితం చేసింది, 2020లో లగ్జెంబర్గ్ దేశమంతటా చేసింది. అక్కడ బస్సు ఎక్కింది కారు వదిలినవాళ్లా, అంతకుముందు నడిచి వెళ్లినవాళ్లా? మొదటి వాక్యాన్ని మార్చి రాసే ప్రయత్నంలోనే ఈ ప్రశ్నలు మొలకెత్తాయి. అందుకే పారాఫ్రేజ్‌ను పరిచయ పేరాకు పెట్టే అలంకారంగా చూసేవాళ్లతో నేను ఏకీభవించను. ప్రశ్నను నిజంగా చదవడమంటే అదే.

ఇంకో వాక్యం ఉంది, దీనికంటే లయ బాగున్నది: ‘ఫ్యూయర్ పీపుల్ వుడ్ డ్రైవ్ ఇన్‌టు టౌన్, సమ్ ఆర్గ్యూ, ఇఫ్ బసెస్ అండ్ ట్రెయిన్స్ కాస్ట్ నథింగ్.’ ఫలితం ముందొచ్చింది, షరతు వెనకొచ్చింది, అభిప్రాయం ఎవరిదన్న మాట మధ్యలో రెండు కామాల నడుమ ఒదిగింది. చివరన ‘నథింగ్’ పడేసరికి వాక్యం ఎంత చక్కగా ముగిసిందో! కానీ ఇందులో ‘షుడ్’ లేదు. ఉచితం చేయాలన్న కోరిక, చేస్తే ఏమవుతుందన్న ఊహగా మారింది. ‘మీరు ఒప్పుకుంటారా’ అన్న ప్రశ్నకు ఈ తేడా చిన్నది కాదు. తర్వాతి వాక్యంలో ఆ కోరికను మళ్లీ ఎత్తుకుంటే లోటు తీరుతుంది. లయ కోసం అర్థాన్ని వదులుకోవాల్సి వస్తే, పరీక్షలోనైనా పత్రికలోనైనా నేను మొదటి వాక్యం వైపే ఉంటాను.

ఈ మార్పులు ఏవీ మన పిల్లలకు తెలియనివి కావు. పదో తరగతి తెలుగు వాచకంలో కర్తరి వాక్యాన్ని కర్మణిగా మార్చారు, ప్రత్యక్ష కథనాన్ని పరోక్షంగా రాశారు, రెండు సామాన్య వాక్యాలను కలిపి సంశ్లిష్ట వాక్యం చేశారు. పద్యభావాన్ని సొంతమాటల్లో రాశారు. ఆ అభ్యాసాల వెనక ఉన్నది ఈ విద్యే. తెలుగు పీరియడ్‌లో చేసిన పనికీ, అమీర్‌పేటలోనో విజయవాడలోనో ఫీజు కట్టి నేర్చుకునే పనికీ సంబంధం ఉందని ఎవరైనా చెబితే, పట్టికల మీద అంత మోజు ఉండేది కాదు.

యూరప్‌లో ఈ విద్యకు చాలా పాత వంశమే ఉంది. పారాఫ్రేజ్ రాయడాన్ని మంచి వ్యాయామంగా రోమన్ గురువు క్వింటిలియన్ సమర్థించాడు. 1512లో ఎరాస్మస్ ‘డి కోపియా’ ప్రచురిస్తూ, స్నేహితుడి ఉత్తరం అందిన సంతోషాన్ని తెలిపే ఒకే ఒక లాటిన్ వాక్యాన్ని వందకు పైగా విధాలుగా మార్చి చూపాడు. ఆ పుటలు తిరగేస్తుంటే ఎరాస్మస్ చేతి వేగం తెలుస్తుంది. ఒకచోట ఉత్తరం కర్త, మరోచోట సంతోషం కర్త, ఇంకోచోట తనే. ఒక భావానికి ఇన్ని ముఖాలుంటాయన్న నమ్మకాన్ని విద్యార్థి చేతివేళ్లకు అలవాటు చేయడమే ఆయన కోరింది.

నాకు ప్రత్యేకంగా ఇష్టమైనది క్రియ నామవాచకంగా మారడం. గ్రాఫు చూసి రాసే మొదటి ప్రశ్నలో దీని సొగసు బాగా కనిపిస్తుంది. ‘సేల్స్ రోజ్ షార్ప్‌లీ’ అని ఒకరు రాస్తారు. ‘దేర్ వాజ్ ఎ షార్ప్ రైజ్ ఇన్ సేల్స్’ అని మరొకరు. రెండో వాక్యం ఒంటరిగా చూస్తే ఊరికే పొడవు పెరిగినట్టు ఉంటుంది. దాని అందం తర్వాతి వాక్యంలో తెలుస్తుంది: ‘దిస్ రైజ్’ అంటూ మొదలుపెట్టవచ్చు. ఇందాక జరిగిన సంఘటన ఇప్పుడు చేత్తో పట్టుకోగల వస్తువైంది, దాని గురించి కొత్త సంగతి చెప్పవచ్చు. భాషాశాస్త్రవేత్త హాలిడే దీనికి వ్యాకరణ రూపకం అని పేరు పెట్టాడు. ఆ పేరులో రూపకం ఉండటం నాకెంతో నచ్చుతుంది. ముఖాన్ని చంద్రుడని అలంకారశాస్త్రం అన్నట్టే, జరగడాన్ని వస్తువని వ్యాకరణం అంటోంది.

అలాగని అన్నీ మార్చాలని లేదు. ‘ట్రాఫిక్’ను ఒకచోట ట్రాఫిక్ అనే ఉంచాలి. ‘క్లైమేట్ చేంజ్’ లాంటి మాటలను కదిపితే విరుగుతాయి. ఏది కదపకూడదో తెలియడం కూడా ఈ కళలో భాగమే.

ముగింపు పేరా వచ్చేసరికి నిషేధం మరో రూపం తీసుకుంటుంది. అక్కడ ప్రశ్నతో పాటు, తన మాటనే తాను మార్చి చెప్పాలి. మొదట్లో విద్యార్థి ఇలా రాశాడనుకుందాం: ‘ఐ డౌట్ దట్ లోయర్ కాస్ట్ అలోన్ వుడ్ టెంప్ట్ డ్రైవర్స్ అవుట్ ఆఫ్ దెయిర్ కార్స్.’ ఖర్చు తగ్గినంత మాత్రాన కార్లు దిగుతారా అని అది సందేహం. రెండు పేరాల్లో సమయపాలన గురించీ, శివార్లకు బస్సులే లేకపోవడం గురించీ వాదించాక, ఆ సందేహం నిర్ణయంగా మారాలి: ‘డ్రైవర్స్ విల్ లీవ్ దెయిర్ కార్స్ ఫర్ ఎ బస్ దట్ కమ్స్ ఆన్ టైమ్, నాట్ ఫర్ వన్ దట్ ఈజ్ మియర్లీ ఫ్రీ.’ ‘వుడ్’ స్థానంలో ‘విల్’ వచ్చింది. సందేహించిన ‘ఐ’ తప్పుకుని, కారు నడిపేవాళ్లే కర్తలయ్యారు. ప్రశ్నపత్రం మొట్టమొదట వాడేసిన ‘ఫ్రీ’ని రచయిత ఇన్ని పేరాలపాటు ముట్టుకోలేదు. ఇక్కడ దాన్ని వాక్యం చివర, బలమంతా పడే చోట, ‘మియర్లీ’ పక్కన నిలబెట్టాడు. ప్రశ్నలో అది పరిష్కారం పేరు, ఇక్కడ ఆ పరిష్కారానికి చాలని గుణం పేరు. ఏ పరీక్షకుడూ దీన్ని దించిన మాటగా లెక్కించడు.