అంగడాయన బొమ్మ చేస్తే

పోయిన సంక్రాంతికి బద్వేలు వెళ్ళినప్పుడు మా పాప బ్యాగులోంచి అరచేతిలో పట్టేంత బొమ్మ ఒకటి తీసి, వాళ్ళ జేజినాయన చేతిలో పెట్టింది. పెద్ద తల, అంతకంటే పెద్ద కళ్ళు, ముందుకు చాపి బిగబట్టిన పెదవులు. మా టీమ్‌లో ఒకాయన సింగపూర్ నుంచి తెచ్చిచ్చిన మూడు పెట్టెల్లో ఒక దాంట్లో వచ్చిందది. నాయన కళ్ళద్దాలు పెట్టుకుని, దాన్ని తిప్పి అరికాళ్ళు కూడా చూసి అడిగినాడు.

"ఇదెవురురా?"

"మోలీ అని, నాయనా."

"అది పేరు. ఎవురని అడగతాండా."

నా దగ్గర జవాబు లేదు. ఆ బొమ్మను తయారు చేసిన కంపెనీ ఏదో తెలుసు, దాన్ని గీసిన ఆర్టిస్టు పేరు తెలుసు. మోలీ ఎవరు అంటే మాత్రం తెలియదు. పుస్తకాల గురించి పేజీలకు పేజీలు రాసేవాణ్ణి, ఒక బొమ్మ గురించి నాలుగు మాటలు చెప్పలేకపోవడం తిరిగొచ్చాక కూడా గుచ్చుతూనే ఉంది. అందుకే ఈ వ్యాసం.

నాయన అడగడానికి ఒక హక్కు ఉంది. ఆయన బొమ్మలమ్మినవాడు. నాలుగు రోడ్ల కూడలికి కాస్త దూరంలో మాకు ఫ్యాన్సీ అంగడి ఉండేది. గాజులు, రిబ్బన్లు, పౌడరు డబ్బాలు, పైన తాడుకు వేలాడే ప్లాస్టిక్ బొమ్మలు. బ్రహ్మంగారి మఠం ఆరాధన రోజుల్లో సరుకంతా మూటలు కట్టుకుని అక్కడ ఓ వారగా పట్ట పరిచేవాళ్ళం. ఆయన ఏనాడూ బొమ్మ చేయలేదు. కానీ ఏ బొమ్మ ముందు ఏ పిల్ల ఏడుస్తుందో ఆయనకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు.

ఇప్పుడు ప్రపంచమంతా 'డిజైనర్ టాయ్', 'ఆర్ట్ టాయ్' అని పిలుచుకునే వాటి చరిత్ర చూస్తే, అందులో మా నాయన లాంటి వాళ్ళే ఎక్కువ కనిపిస్తారు. ఆర్టిస్టులు లేరని కాదు. హాంగ్‌కాంగ్‌లో మైకేల్ లావ్ 1999లో 'గార్డెనర్' బొమ్మలతో ప్రదర్శన పెట్టినప్పుడు, బొమ్మ అంటే పిల్లల వస్తువు కాదు, ఒక కాలాన్నీ ఒక వీధినీ చెక్కిన శిల్పం అని చాలామందికి అర్థమైంది. కానీ ఆ బొమ్మను లోకం మీదికి తోలింది అంగళ్ళే. టోక్యోలోని హరాజుకులో బౌంటీ హంటర్ అనే చిన్న అంగడి 1990ల్లోనే తన సొంత వినైల్ బొమ్మలు చేయించుకుంది. అమెరికాలో పాల్ బడ్నిట్జ్ 2002లో కిడ్‌రోబోట్ పెట్టింది ముందు ఆసియా బొమ్మలు తెచ్చి అమ్మడానికే. రెండేళ్ళకు, ట్రిస్టన్ ఈటన్‌తో కలిసి 'డన్నీ' అనే కుందేలు చెవుల బొమ్మను తెచ్చారు. ఒకే ఆకారం, దాని మీద ఒక్కో ఆర్టిస్టు ఒక్కో బొమ్మ వేస్తాడు. ఇక బీజింగ్‌లో వాంగ్ నింగ్ 2010లో పెట్టిన పాప్ మార్ట్ మొదట్లో అచ్చం ఫ్యాన్సీ అంగడే. అవీ ఇవీ అన్నీ అమ్మేది. వాటిలో జపాన్ వాళ్ళ 'సానీ ఏంజెల్' బొమ్మలు మాత్రం జనం మళ్ళీ మళ్ళీ వచ్చి కొంటున్నారని గల్లా దగ్గర తెలిసింది. ఇంకే బొమ్మలు సేకరిస్తారని కొనేవాళ్ళనే అడిగితే, చాలామంది మోలీ పేరు చెప్పారు. హాంగ్‌కాంగ్ ఆర్టిస్టు కెన్నీ వాంగ్ 2006లో సృష్టించిన బొమ్మ అది. 2016లో పాప్ మార్ట్ ఆయనతో ఒప్పందం చేసుకుని మోలీ రాశుల సెట్ తెచ్చింది. అంగడి ఆ రోజు ఫ్యాక్టరీ అయింది. 2020 డిసెంబర్‌లో హాంగ్‌కాంగ్ షేర్ మార్కెట్‌కూ ఎక్కింది.

ఇంతవరకూ వ్యాపారం కథ. నా ప్రశ్న వేరే. అమ్మేవాడు చేసేవాడైతే, చేసిన వస్తువులో ఏం మారుతుంది?

మోలీ ముఖం చూడండి. అది నవ్వదు, ఏడవదు. పెదవులు చూస్తే అలిగినట్టుంటుంది, కళ్ళు చూస్తే ఏదో ఆలోచనలో ఉన్నట్టుంటుంది. కళ్ళు మనవైపే తిరిగి ఉన్నా మనల్ని చూడవు. సింహరాశి వేషం వేసినా, మీనరాశి వేషం వేసినా ముఖం అదే. మా భాషలో చెప్పాలంటే ఒకే క్లాసు, పన్నెండు ఆబ్జెక్టులు. కెన్నీ వాంగ్ గీతలో గొప్ప నిగ్రహం ఉంది, ఒప్పుకుంటాను. ఏ భావాన్నీ పూర్తిగా చెప్పకుండా ఆపడం కవిత్వంలోనైనా కష్టమే. కానీ ఆ నిగ్రహం అంగడాయనకు ఎందుకు పనికొచ్చిందో కూడా చూడాలి. భావం తేలని ముఖం ఎవరికైనా అమ్ముడుపోతుంది. బాధలో ఉన్నవాళ్ళకు బాధగా, బోరు కొట్టినవాళ్ళకు బోరుగా కనిపిస్తుంది. చదివేవాడు నింపుకోవడానికి కవి వదిలిన ఖాళీ, కొనేవాడు నింపుకోవడానికి అంగడాయన వదిలిన ఖాళీ బయటికి ఒకేలా ఉంటాయి. రెంటికీ తేడా పట్టుకోవడమే విమర్శకుడి పని అనుకుంటా.

లబూబూ విషయంలో ఆ తేడా స్పష్టంగా దొరుకుతుంది. హాంగ్‌కాంగ్‌లో పుట్టి నెదర్లాండ్స్‌లో పెరిగిన కాసింగ్ లంగ్, ఉత్తర యూరప్ జానపద కథల నుంచి స్ఫూర్తి తీసుకుని 2015లో 'ద మాన్‌స్టర్స్' అనే బొమ్మల కథల పుస్తకాలు చేశాడు. లబూబూ పుట్టింది అక్కడే. కోరపళ్ళు, కుందేలు చెవులు, అల్లరి చేసి చిక్కుల్లో పడే మంచి మనసు. దానికి తోకున్న నాయకుడు జిమోమో ఉన్నాడు, అస్థిపంజరం లాంటి టైకోకో ఉన్నాడు. అంటే "ఇదెవురు?" అన్న ప్రశ్నకు లబూబూ దగ్గర జవాబుంది. 2019లో పాప్ మార్ట్ దాన్ని తీసుకుంది. వినైల్ ముఖం, బొచ్చు ఒళ్ళు, బ్యాగుకు తగిలించే కొక్కెం. 2024లో బ్లాక్‌పింక్ లీసా చేతిలో కనపడ్డాక ఇక చెప్పనక్కర్లేదు. నాకు తెలిసి మా ఆఫీసులో పదకొండు బ్యాగులకు లబూబూ వేలాడుతోంది. అది ఒక పుస్తకంలోంచి వచ్చిందని తెలిసినవాళ్ళు ఇద్దరు. పాత్ర మిగిలింది, కథ రాలిపోయింది.

కథ పోయిన చోట ఏమొచ్చింది? పెట్టె వచ్చింది.

లోపల ఏ బొమ్మ ఉందో తెలియని ఆ పెట్టెను బ్లైండ్ బాక్స్ అంటారు. మామూలు సెట్‌లో పన్నెండు రకాలు, పైన ఒక రహస్య బొమ్మ. ఆ రహస్య బొమ్మ వచ్చే అవకాశం 144లో ఒకటి అని అట్ట మీద అచ్చేసి ఉంటుంది. రహస్యాన్ని పక్కన పెడదాం. పన్నెండు రకాలూ సమానంగా వస్తాయనుకుని విడి పెట్టెలు కొంటూ పోతే, పన్నెండూ చేతికి రావడానికి సగటున 37 పెట్టెలు కొనాలి. అందులో చివరి ఒక్క బొమ్మకే సగటున 12 పెట్టెలు. ఇంజనీరింగులో ఈ లెక్క చేసినప్పుడు ఇది ఒకరోజు నా జేబు గురించే అవుతుందని అనుకోలేదు.

లెక్క కొత్తదేమో గానీ ఆట నాకు పాతదే. మా అంగట్లో గల్లా పక్కన ఒక అట్ట వేలాడేది. దాని నిండా మడిచి అంటించిన చీటీలు. పావలా ఇచ్చి ఒకటి చింపితే లోపల అంకె. అంకెను బట్టి రబ్బరు పామో, ఈలో, ఏమీ లేకపోవడమో. అన్నిటికంటే పైన, మెరిసే కాగితంలో, ప్లాస్టిక్ రిస్టువాచీ. చీటీని బల్బుకు అడ్డం పెడితే లోపలి అంకె లీలగా కనపడేది. నాయన కొత్త అట్ట రాగానే రాత్రి పూట ఆ పని చేసి, వాచీ చీటీ మాత్రం తీసి దాచేవాడు. సగం చీటీలు అమ్ముడయ్యాక మళ్ళీ అంటించేవాడు. నేను చూసేవాణ్ణి. నా దోస్తులు పావలాలు తెచ్చి చింపుతుంటే నోరెత్తేవాణ్ణి కాదు. నా స్కూలు ఫీజులో, ఆ తర్వాత ఇంజనీరింగ్ ఫీజులో, ఆ పావలాలు కూడా ఉన్నాయి. కాబట్టి ఈ వ్యాసాన్ని నీతి పాఠంగా చదవద్దు. ఆ ఎత్తు నాకు లేదు.

నిజానికి మా నాయన కంటే పాప్ మార్టే నిజాయితీపరురాలు. అవకాశం ఎంతో పెట్టె మీదే చెప్తుంది. 2023లో చైనా ప్రభుత్వం ఎనిమిదేళ్ళలోపు పిల్లలకు బ్లైండ్ బాక్సులు అమ్మొద్దని మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. మా పాపకు ఆరేళ్ళు. మాకు అట్లాంటి రూలేమీ అడ్డు రాలేదు, నేను కూడా ఏ రూలూ పెట్టలేదు. నా ఫిర్యాదు మోసం గురించి కాదు, రూపం గురించి. పెట్టెను చెవి దగ్గర పెట్టి ఊపి చూడటం, తూకం వేయడం, చించే ముందు ఊపిరి బిగబట్టడం, వీడియో తీయడం. ఆ పది సెకన్లే అసలు రచన. బొమ్మ దానికి అనుబంధం. అంగడాయన బొమ్మ చేస్తే, ఆయన చేతికి వచ్చిన కళే అందులోకి వస్తుంది. అది గల్లా దగ్గరి కళ. చెక్కడం, రంగు వేయడం ఆర్టిస్టుకు వదిలేసి, తను మాత్రం ఆశను డిజైన్ చేస్తాడు. ఆ డిజైన్‌లో పాప్ మార్ట్ నిజంగా దిట్ట.

మరి మన బొమ్మలు? ఇక్కడ కొండపల్లి, ఏటికొప్పాక పేర్లు చెప్పి కళ్ళు తుడుచుకోవడం మనకు అలవాటు. తెల్ల పొణికి కర్రతో చేసిన దశావతారాల్లో "ఇదెవురు?" అని ఎవరూ అడగరు, నిజమే. కొనేవాడి ఇంట్లో కథ ముందే ఉంటుంది, బొమ్మ తర్వాత వస్తుంది. కానీ ఆ బొమ్మ అడుగున చేసినవాడి పేరుందేమో చూడండి. నా ఇంట్లో ఉన్న అంబారీ ఏనుగు మీద లేదు, తాటిచెట్టెక్కే గీతగాడి మీద లేదు. ఈ విషయంలో వినైల్ బొమ్మ పద్ధతే మేలు. లబూబూ కొన్నవాడికి కావాలంటే కాసింగ్ లంగ్ పేరు దొరుకుతుంది. కొండపల్లి బొమ్మకు కథ ఉంది, కర్త లేడు. మోలీకి కర్త ఉన్నాడు, కథ లేదు.

మన సీమలోనే ఇంకో ఉదాహరణ ఉంది, అది నన్ను ఎక్కువ కలవరపెట్టింది. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మల కళాకారుల కుటుంబాలున్నాయి. వాళ్ళలో దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆట కట్టించేవాళ్ళు తగ్గిపోయాక, అదే మేకతోలు మీద అవే రంగులతో ల్యాంప్‌షేడ్లు, గోడకు తగిలించే బొమ్మలు చేసి బతుకుతున్నారు. తెర వెనక దీపం వెలుగులో ఆడిన హనుమంతుడు ఇప్పుడు దీపం చుట్టూ తిరగకుండా నిలబడ్డాడు. లబూబూకు జరిగిందే ఇక్కడా జరిగింది. పాత్ర మిగిలింది, ఆట పోయింది. తేడా ఒక్కటే. అక్కడ కథను వదిలేస్తే లాభం పెరిగింది, ఇక్కడ కథను వదిలేస్తే గానీ పూట గడవలేదు.

తోలుబొమ్మల గురించి ఆలోచిస్తుంటే నా వాదనలోనే ఒక బొక్క కనిపించింది. కేతిగాడు. రామాయణంలో వాడికి చోటు లేదు. యుద్ధం మధ్యలో ఊడిపడి, బంగారక్కతో తగువు పెట్టుకుని, ఊళ్ళో పెద్దమనుషులను నాలుగు మాటలని పోతాడు. వాడికి సొంత కథేమీ లేదు, అయినా వాణ్ణి చూసి "ఎవురు?" అని ఎవరూ అడగరు. ఎందుకంటే వాడు మాట్లాడతాడు. అంటే బొమ్మకు కథ ఉండి తీరాలన్న నా పట్టుదల తప్పు. బొమ్మకు గొంతు కావాలి. ఆ గొంతు ఇచ్చేది తెర వెనక కూర్చున్న మనిషి. తెర వెనక మనిషి లేకపోతే కేతిగాడు కూడా ల్యాంప్‌షేడే.

వినైల్ బొమ్మ ఎట్లా చేస్తారో చదివినప్పుడు ఒక విషయం మనసులో పడింది. లోహపు అచ్చులో ద్రవరూపంలో ఉన్న వినైల్ పోసి వేడి చేస్తారు. అచ్చు గోడలకు పట్టిన పొర గట్టిపడుతుంది. చల్లారకముందే, మెత్తగా ఉన్నప్పుడే, పట్టకారుతో లాగి బయటికి తీస్తారు. లోపలంతా డొల్ల. అది లోపం కాదు, పద్ధతే అంత. డొల్ల బొమ్మలోకి ఎవరి గొంతు పోతుందన్నదే ప్రశ్న. గాజు బీరువాలో వరసగా పేర్చి, పెట్టె కూడా నలగకుండా దాచుకునే పెద్దవాళ్ళం మేం దానికి గొంతు ఇవ్వం. ధర ఇస్తాం. 2025 జూన్‌లో బీజింగ్ వేలంలో మనిషంత లబూబూ ఒకటి 10 లక్షల యువాన్లు దాటి పోయింది. అది ఏమన్నదో ఎవరూ అడగలేదు.

ఆ సంక్రాంతి రోజు సంగతి పూర్తి చేయలేదు కదా. నేను మాట్లాడకపోయేసరికి నాయన పాపను అడిగినాడు.

"ఏమ్మే, ఇదెందుకు మూతి ముడుచుకునింది?"

"అలిగింది, జేజినాయనా."

"ఎవురి మీద?"

"వాళ్ళక్క ఇంకో పెట్టెలో ఉండిపోయిందంట. ఇదొక్కటే వచ్చేసింది."

నాయన నా వైపు చూసినాడు. ముప్పై ఏళ్ళు గల్లా దగ్గర కూర్చున్న మనిషి నవ్వు అది.

"అయితే ఆ పెట్టె గూడా కొనల్ల గదరా" అన్నాడు.