పెట్టెలో సగం నీళ్ళే

ఈ వారం నా కోపమంతా ఒక పార్సిల్ కౌంటర్ మీద. పండక్కి వచ్చిన మా చెల్లెలి అల్లుడు తిరుగు ప్రయాణంలో ఒక పండుగప్పని హైదరాబాద్ పట్టుకెళ్దామనుకున్నాడు. చెరువులో పెంచింది కాదు, ఉప్పుటేరులో వలకి పడ్డది. చినగొల్లపాలెం వైపు నుంచి తెల్లారేసరికి వచ్చింది. థర్మాకోల్ పెట్టె కొన్నాం, ఐసు వేయించాం, టేపు చుట్టాం. సాయంత్రం కౌంటర్ దగ్గర పెట్టె చూడగానే, "చేపైతే వద్దండీ. నీళ్ళు కారి పక్కవాళ్ళ బట్టల మూట తడిస్తే మాట పడేది మేము" అన్నారు. చివరికి వేరే బస్సు డిక్కీలో పెట్టించాడు. అడిగినంతా ఇచ్చాడు. ఆ డబ్బుకి హైదరాబాద్‌లోనే ఇంకో చేప వచ్చేది.

ఆ రాత్రి అర్జీ రాయడానికి కూర్చున్నాను. పల్లెల మీదుగా పోయే ప్రతి రాత్రి బస్సులోనూ ఒక చల్లటి అర ఉండాలని, కిలోకి ఇంతని న్యాయమైన రేటు పెట్టాలని. నా వాదనకి బలం లేకపోలేదు. కైకలూరు, ఆకివీడుల్లో లారీలకెత్తిన శీలావతులూ బొచ్చెలూ ఐసులో పడుకుని హౌరా దాకా, గువాహటి దాకా పోతున్నాయి. ఫార్మలిన్ కలుస్తోందన్న అనుమానంతో 2018 జులైలో అస్సాం మన చేపని కొన్నాళ్ళు ఆపేస్తే ఇక్కడి రైతులు ఎంత గిలగిల్లాడారో పాఠకులకి గుర్తుండే ఉంటుంది. అంత దూరం పోయే చేపకి దారి ఉంది, తెల్లారేసరికి ఊరు చేరే మన ఇంటి చేపకి లేదా? ఇలా సాగింది చిత్తుప్రతి.

రాస్తూ రాస్తూ ఐసు లెక్క దగ్గర ఆగాను. కిలో ఐసు కరిగేటప్పుడు 80 కిలో కేలరీల వేడి లాక్కుంటుంది. 30 డిగ్రీల వేడి మీదున్న పది కిలోల చేప సున్నాకి దిగాలంటే మూడు కిలోల పైచిలుకు ఐసు చాలు. కానీ రాత్రంతా పెట్టె గోడల్లోంచి, డిక్కీలోంచి వేడి వస్తూనే ఉంటుంది. దాన్ని ఆపడానికి ఇంకా ఐసు కావాలి. అందుకే మన వాతావరణంలో చేప ఎంతో ఐసూ అంత అంటారు. అంటే పది కిలోల చేపకి ఇరవై కిలోల కిరాయి. ఆ చేపలో కూడా నూటికి డెబ్భై అయిదు పాళ్ళు నీరే. తల, పేగులు, మొప్పలు తీసేస్తే మిగిలేది ఇంకా తక్కువ. బస్సువాడికి మనం ఇచ్చే డబ్బు చాలావరకు నీళ్ళని మోయించడానికే పోతోంది. చల్లటి అర పెట్టించినా ఈ లెక్క మారదు.

ఈ కాలమ్‌లో ఎన్నోసార్లు రాసిన మాట మళ్ళీ రాస్తున్నాను: వేటలో దొరికింది బాగా ఇల్లు చేరుతుందా లేదా అన్నది బస్సులో తేలదు, మొదటి గంటలో తేలుతుంది. చేప వల్లోంచి రాగానే మొప్పలూ పేగులూ తీసెయ్యాలి. వెన్నెముక వెంట గడ్డకట్టిన నెత్తురు గోకెయ్యాలి. మంచినీళ్ళతో కడిగి, కడుపులో ఐసు కూరాలి. ఐసు దిమ్మ పక్కన పెడితే చేపకి తగిలేది ఒక అంచే. పొడి కొట్టి కప్పితే ఒళ్ళంతా తగులుతుంది. మా పండుగప్ప విషయంలో ఇవన్నీ చేశాం. అయినా కిరాయి కిరాయే. అక్కడే మా పెదనాన్న గుర్తొచ్చి అర్జీ పక్కన పెట్టాను.

లాకుల దగ్గర కూర్చుని చుట్ట కాల్చే పెదనాన్న గురించి ఇంతకుముందూ రాశాను. ఆయన వేట సంగతి మాత్రం రాయలేదు. 1972 నాటి వన్యప్రాణి చట్టానికి ముందు, చలికాలం వచ్చిందంటే ఆయనా మరి కొందరూ కొల్లేటికి పరజల వేటకి వెళ్ళేవారు. లాంచీ ఎక్కేవారు కాదు. ఉప్పుటేట్లోకి సముద్రం పోటు ఎక్కే వేళ చూసి పడవ వదిలేవారు. పోటు పడవని ఎగువకి నెడుతుంది. ఆటు మొదలవగానే గట్టుకి కట్టేసి వంట చేసుకునేవారు. మళ్ళీ పోటు, మళ్ళీ పడవ. సరస్సు చేరాక తాటిదోనెల్లోకి మారేవారు. తూటా ఖరీదు ఎక్కువ కాబట్టి గుంపు దగ్గరికి వచ్చేదాకా పన్నెండు బోరు తుపాకీ పేల్చేవారు కాదు. తిరుగు ప్రయాణం ఆటు మీద. అంత దూరం పోయొచ్చిన వేటకి రవాణా ఖర్చు లేదు, తెడ్డు వేసిన చేతుల నొప్పి తప్ప.

ఆయనకి ఒక పట్టింపు ఉండేది. "పొట్ట తియ్యకుండా బెత్తెడు దూరం కదలొద్దురా" అనేవారు. పిట్ట దోనెలో పడగానే కింద చిన్న గాటు పెట్టి పేగులు లాగేసి, లోపల ఎండుగడ్డి కుక్కేవారు. ఈకలు పీకేవారు కాదు, తోలు ఆరిపోకుండా అవే కాపాడతాయని. కుప్పగా పోయనిచ్చేవారు కాదు. కుప్పలో లోపలి వేడి బయటికి పోదు, మధ్యవి తెల్లారేసరికి పచ్చబడి వాసన కొడతాయి. కాళ్ళు కట్టి, పడవ మీద అడ్డంగా కట్టిన వెదురుకి ఒక్కొక్కటిగా వేలాడదీసేవారు, గాలి మధ్యకి పోయేలా. పగలు ఎండ ముదిరితే తడి గోనె కప్పేవారు. రెండు రోజులు దాటేట్టుంటే వేలాడదీయడం మానేసి, ఒలిచి, ఎముక తీసి, ఉప్పూ పసుపూ పట్టించి కండలు ఆరబెట్టేవారు.

ఇవన్నీ ఇంట్లో అందరికీ తెలిసిన సంగతులే. నాకు అప్పుడు అర్థం కానిది వేరే ఉంది. అన్ని పిట్టలు కొట్టినాయన ఇంటికి తెచ్చేది బుట్ట అడుగున నాలుగే. మా పెద్దమ్మ బుట్ట వంచి చూసి, "ఇంతేనా?" అనేది. ఆయన లెక్క చెప్పేవారు. దోనె తోసినవాడికి ఒక జత. రాత్రి అరుగు మీద పడుకోనిచ్చిన ఇంటికి ఒక జత. పడవ సొంతదారుకి కొన్ని. ఆకివీడు దగ్గర మంచినీళ్ళూ మజ్జిగా ఇచ్చిన ముసలామెకి ఒకటి. ఊళ్ళోకి వచ్చాక అన్నదమ్ముల ఇళ్ళకి. ఆటు మీద ఉచితంగా వచ్చిన సరుకు గట్టు పొడవునా ఖాళీ అవుతూ వచ్చేది.

ఆ వేటని నేను వెనక్కి తెమ్మనడం లేదు. 1991 సవరణతో లైసెన్సు వేట దారీ మూసుకుపోయింది. 1999లో కొల్లేరు అభయారణ్యమైంది, 2002లో రామ్‌సర్ జాబితాలోకి ఎక్కింది. చలికాలం వచ్చే పిట్టల్ని చూడటానికే వెళ్ళాలి, ఉచ్చులు పన్ని సంతలో చాటుగా అమ్మేవాళ్ళని పట్టించాలి. ఆ విషయంలో నాకు రెండో మాట లేదు. పెదనాన్న పంపకం మాత్రం చట్టంతో పోవాల్సింది కాదు.

అలాస్కాలో మూస్ అనే పెద్ద దుప్పిని వేటాడినవాడు తినదగ్గ మాంసాన్ని అడవిలో వదిలేస్తే నేరం. బయటికి తెచ్చేవి చిన్న విమానాలు, కిరాయి బరువుని బట్టి. అందుకే అక్కడా చాలామంది మాంసాన్ని దగ్గరి ఊళ్ళకి పంచేసి, తమ ఇంటికి కొంతే తీసుకెళ్తారు. విమానంలో గడ్డకట్టిన మాంసం తెచ్చుకునేవాళ్ళు వాడే డ్రై ఐస్ సున్నాకి 78 డిగ్రీలు కింద ఉంటుంది, మనిషికి రెండున్నర కిలోలకి మించి రానివ్వరు. డల్లాస్‌లో ఉన్న మా మేనకోడలికి ఈ గొడవలేవీ లేవు. వేటమాంసం పచ్చడి పెడితే అమెరికా కస్టమ్స్‌లో పారేస్తారని దానికి తెలుసు. సొంత వాడకానికి చేపని రానిస్తారు కాబట్టి ఎండు నెత్తళ్ళూ రొయ్యపొట్టూ కట్టించుకుంటుంది. ఏ ఐసూ అక్కర్లేదు, చొక్కాల మధ్య పడి పోతాయి. మూడు నాలుగు కిలోల పచ్చి చేప ఎండితే కిలో. నీళ్ళని ఇక్కడి ఎండకే వదిలేసి పోతుంది.

పచ్చిగా పోగలిగినవీ ఉన్నాయి. మండపీత డెక్కలు గట్టిగా కట్టి, తడి గోనెలో, గాలాడే బుట్టలో పెడితే రాత్రంతా బతికే ఉంటుంది. దాన్ని ఐసులో పెడితే చస్తుంది, చచ్చిన పీత వండకూడదు. కొర్రమీను గాలి పీలుస్తుంది, తడి ఆరకుండా చూస్తే చాలు. ఈ రెండింటికీ పెట్టె అవసరం లేదు, కారే నీళ్ళు లేవు, కౌంటర్లో అడ్డం చెప్పే కారణం లేదు. చందువా, వంజరం ముక్కలుగా పోవాలంటే ముందు రోజే బాగా గడ్డకట్టించి, రెండు సంచుల్లో మూతి బిగించి, చుట్టూ ఊక పోసి పంపండి. ఊక వేడిని ఆపుతుంది, కారిన తడినీ పీలుస్తుంది. పూర్వం ఐసు దాచింది ఊకలోనే.

పండుగప్ప లాంటి పెద్ద చేప విషయంలో మాత్రం నా అర్జీ నేనే చించేశాను. చల్లటి అర వస్తే ప్రతి అల్లుడూ ప్రతి పెద్ద చేపనీ పట్నం పట్టుకుపోతాడు. గట్టు మీద వల లాగినవాడి ఇంటికి, మా పక్కింటికి, చెల్లెలి తోడికోడలి ఇంటికి రావలసిన ముక్క టేపు చుట్టుకుని పోతుంది. ఈసారి ఏటి చేప పడితే మధ్యాహ్నానికే కోయించి, పంచి, పులుసు పెట్టించాలని చెల్లెలికి చెప్పాను. అల్లుడికి బుట్టెడు పీతలు, కిలో ఎండు సావడాయిలు కట్టిస్తాం. పండుగప్ప కావాలంటే ఉగాదికి రమ్మన్నాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం, ఆలోపే రమ్మని మరీ చెప్పాను.