బొమ్మకు పదివేల మంది

యంత్రం ఎందరి పని ఊడగొట్టిందో ఒక్క చూపులో చెప్పే పటం కావాలంటే, అంకెలను బొమ్మలుగా మార్చిన వియన్నా బృందం పటాల పుస్తకం తెరవాలి. ఇంగ్లండులో ఇంటి నేత, మిల్లు నేత గురించిన పుట అది. 1820 నుంచి 1880 దాకా వరుసలు. ఒక్కో మనిషి బొమ్మ పదివేల మందికి గుర్తు. ఇంట్లో నేసేవాళ్లది ఒక రంగు, మిల్లువాళ్లది ఇంకో రంగు, తయారైన సరుకుకు వేరే గుర్తు. కిందికి దిగుతున్నకొద్దీ ఇంటి నేతగాళ్లు పలచబడతారు, సరుకు గుట్టలు పడుతుంది. ఏడుపు మాట ఒక్కటీ లేదు. అయినా చూసినవాడికి ముద్ద దిగదు!

1925లో వియన్నాలో మ్యూజియం పెట్టి ఈ పద్ధతికి ప్రాణం పోసినవాడు ఒట్టో న్యూరాత్. పేరు ఆయనకే దక్కింది గానీ నా ఓటు ఆయన బృందంలోని మారీ రైడెమైస్టర్‌కు. గణాంకాల గుట్టలోంచి ఏది చూపాలో, ఏది వదలాలో తేల్చింది ఆమే. ఆ తర్వాత చిత్రకారుడు గెర్డ్ ఆర్న్‌ట్స్ చెయ్యి: ముఖం గీయకుండా, వంగిన వీపుతోనే మనిషి పనేమిటో చెప్పేసేవాడు. ఇలాంటి గుర్తులు నాలుగువేల దాకా చేశాడంటారు. లినోలియం మీద చెక్కి అచ్చువేసేవాళ్లట.

వాళ్ల మూలసూత్రం చిన్నది: లెక్క పెరిగితే బొమ్మను పెంచకు, బొమ్మలను పెంచు. బొమ్మ ఎత్తు రెట్టింపు చేస్తే వెడల్పూ పెరుగుతుంది, కంటికి నాలుగింతలు కనపడుతుంది. అదే రెండు బొమ్మలు పక్కపక్కన పెడితే పిల్లవాడైనా వేళ్లతో లెక్కపెడతాడు. గీతల గ్రాఫే గొప్పదనే పండితులతో నాకు పేచీ ఇక్కడే. కిందికి జారే గీతలో మనుషులేరీ?

ఏది చూపాలో తేల్చే కిటుకు మన చేర్యాల పటాలు గీసే నకాషీలకు ఎప్పుడో తెలుసు. కథ చెప్పే కూనపులివాళ్లు పద్మశాలీల ముందు ఆ పటం విప్పి, గడి తర్వాత గడి చూపుతూ మార్కండేయ పురాణం చెబుతారు. ఏ గడి దగ్గర ఆగాలో, ఏది దాటెయ్యాలో కథకుడికి తెలిసినట్టే, లెక్కల పటం వేసేవాడికీ తెలియాలి.

మన లెక్కే తీసుకోండి. చేనేత గణనల ప్రకారం దేశంలో నేతగాళ్లు, అనుబంధ పనివాళ్లు కలిపి 1995-96లో 65.5 లక్షలు, 2009-10లో 43.31 లక్షలు, 2019-20లో 35.22 లక్షలు. లక్షకో బొమ్మ పెడితే మూడు వరుసల్లో కథ ముగిసిందనిపిస్తుంది. ఆగండి. చివరి రెండు గణనల మధ్య మగ్గాలు 23.77 లక్షల నుంచి 28.20 లక్షలకు పెరిగాయి! మనుషుల పక్కన మగ్గాల వరుసా పెట్టినవాడే నిజాయితీపరుడు. పల్లె మగ్గం దిగి భీవండి, షోలాపూర్, సూరత్ మరమగ్గాల దగ్గరికి చేరిన మన నేతగాళ్లకూ చోటివ్వాలి. యంత్రం పని తీసేయడమే కాదు, మనిషిని ఊరు కూడా దాటించింది.

ఇక ఇప్పటి లెక్కల పటాలు చూస్తే ఒళ్లు మండుతుంది. ఓ మూల కళ్లెర్రజేసిన రోబో, మధ్యలో ఉబ్బిన పూరీలాంటి త్రీడీ వృత్తం, సున్నా దగ్గర మొదలుకాని కడ్డీలు. 2013లో పరిశోధకులు ఫ్రే, ఆస్‌బర్న్ అమెరికా ఉద్యోగాల్లో 47 శాతానికి యాంత్రీకరణ ముప్పు ఎక్కువన్నారు. అది అంచనా. మనవాళ్లు దాన్ని పోయిన ఉద్యోగాలుగా గీసేశారు! అమెరికాలో ఫ్యాక్టరీ కొలువులు 1979లో సుమారు కోటీ 95 లక్షలుండి, 2010 నాటికి కోటీ 15 లక్షలకు దిగాయి. అందులో యంత్రం వాటా ఎంత, చైనా సరుకు వాటా ఎంత అని ఆర్థికవేత్తలు ఇంకా కొట్లాడుతుంటే, రెండు గీతలు గీసి తీర్పు చెప్పడం ఏం పని?

వరంగల్ ఆజంజాహి మిల్లుకూ ఇదే అన్యాయం జరగొచ్చు. నిజాం కాలంలో, 1934లో పుట్టిన మిల్లు అది. దాన్ని కొత్త యంత్రం మింగలేదు. పాతబడ్డ యంత్రాలు, పేరుకున్న నష్టాలు కలిసి ముంచాయి. రోబో బొమ్మ వేస్తే అది పచ్చి అబద్ధం.

అందుకే నర్సింహులపేట, తొర్రూరు, జనగామ బడుల్లోని లెక్కల సార్లకు, డ్రాయింగు సార్లకు నా విన్నపం. మీ ఊళ్లో ఏ పని ఎంతమంది చేసేవాళ్లో పెద్దలనడిగి పిల్లలతో రాయించండి. పదిమందికో బొమ్మ చొప్పున గోడమీద వేయించండి. యంత్రం వల్ల పోయినవాళ్లకు ఒక రంగు, మిల్లు మూతబడి పోయినవాళ్లకు ఇంకో రంగు, వలసపోయినవాళ్లకు మరో రంగు. కారణం తెలియనివాళ్లను తెల్లగానే వదలండి. పోయిన కొలువుల గురించి ఉపన్యాసమిచ్చే నాయకుణ్ని ముందు ఆ గోడ దగ్గర నిలబెట్టి లెక్కపెట్టమనండి.