కాంక్రీటు కప్పేయకముందే

మా జిల్లా కేంద్రంలో స్టేడియం పాత గ్యాలరీని కూల్చి కొత్తది కట్టే పనికి నన్ను ఇంజనీరుగా వేసేనాటికే అది ఏడాది వెనకబడి ఉంది. ఒక శ్లాబు రోజు పొద్దున్నే పైకెక్కి చూస్తే, ఊచలు సెంట్రింగ్ చెక్కలకు ఆనుకుని ఉన్నాయి. ఊచలను చెక్కల నుంచి ఎడంగా నిలిపే కవర్ బ్లాకులు ఒక్కటీ లేవు. కింద మిల్లరు తిరుగుతోంది, కూలీలు తట్టలతో సిద్ధంగా ఉన్నారు.

"పోశాక ఎవరికి కనబడుతుంది సార్, ఓపెనింగ్ దగ్గరపడింది" అన్నాడు మేస్త్రి.

కనబడదు. అందుకే భయం. గ్యాలరీ ఎండకీ వానకీ ఉండేది. ఊచ మీద తగినంత కాంక్రీటు లేకపోతే తడి దిగి తుప్పు పడుతుంది, పెచ్చులూడతాయి. ఆ మెట్ల కింద నడిచేది పిల్లలు. పని ఆపించాను. వచ్చిన కూలీలకు ఆ రోజు కూలి ఇప్పించడానికి కాంట్రాక్టరుతో సాయంత్రం దాకా గొడవ పడ్డాను.

ఆ గొడవలోనే అసలు సంగతి బయటపడింది. ఊచలు కట్టే మేస్త్రికి మూడు నెలలుగా డబ్బు ముట్టలేదు. మేము పాస్ చేసిన బిల్లు డబ్బు కాంట్రాక్టరు దగ్గరే ఆగింది. దాంతో ఆ మేస్త్రి మనుషుల్ని తగ్గించాడు, బ్లాకులు మానేశాడు. ఆనాటి నుంచి ఎంబీ (కొలతల పుస్తకం) రాసే ముందు మేస్త్రీలను పక్కకు పిలిచి "డబ్బు అందిందా?" అని అడుగుతూ వచ్చాను. టేపు పట్టి కొలవడమెంత ముఖ్యమో ఈ ప్రశ్నా అంతే ముఖ్యం.

లండన్ వెంబ్లీ స్టేడియం గురించి చదివినప్పుడూ నా చూపు కాంట్రాక్టర్ల మధ్య తగువు దగ్గరే ఆగింది. 133 మీటర్ల ఎత్తు ఆర్చిని లేపిన 2004లోనే, ఉక్కు పని చేస్తున్న క్లీవ్‌లాండ్ బ్రిడ్జ్‌కూ ప్రధాన కాంట్రాక్టర్ మల్టీప్లెక్స్‌కూ తగువు ముదిరి క్లీవ్‌లాండ్ బ్రిడ్జ్ పని వదిలి వెళ్లిపోయింది. 2006 ఎఫ్ఏ కప్ ఫైనల్ కార్డిఫ్‌లో ఆడాల్సి వచ్చింది. స్టేడియం తెరిచింది 2007 మార్చిలో. ఆలస్యమైనందుకు నిందించారు గానీ, తొందర అంతకంటే ప్రమాదం: ఢిల్లీలో తేదీ తరుముతుండగా 2010 సెప్టెంబరు 21న నెహ్రూ స్టేడియం దగ్గర కడుతున్న పాదచారుల వంతెన కూలి, ఇరవై మందికి పైగా కూలీలు గాయపడ్డారు. కామన్వెల్త్ క్రీడలకు అప్పటికి పన్నెండు రోజులే ఉన్నాయి.

మీ ఊళ్లో ఇలాంటి పని నడుస్తుంటే, ఓపెనింగ్ ఎప్పుడని కాదు, కాంక్రీటు బలం చెప్పే 28 రోజుల క్యూబ్ టెస్టు రిపోర్టు ఏదని అడగండి. ప్రభుత్వ పనిని తనిఖీ చేసే హక్కు, సామగ్రి నమూనా తీసుకునే హక్కు 2005 సమాచార హక్కు చట్టం మీకు ఇచ్చింది.