అక్షరం, క్యారెక్టర్, బైట్: స్ట్రింగ్ మార్పిడిలో తెలుగు పాఠం

కీలక పదాలు: స్ట్రింగ్, నల్, బైట్, యూనికోడ్, సంయుక్తాక్షరం, అక్షర విభజన.

1. ఉపోద్ఘాతం

సీ ప్లస్ ప్లస్ భాషలోని స్ట్రింగ్ తనలోని పాఠంతోపాటు దాని నిడివినీ గుర్తుంచుకుంటుంది. డెన్నిస్ రిచీ రూపొందించిన సీ భాషలో ఈ ఏర్పాటు లేదు. అక్కడ పాఠం క్యారెక్టర్ల అర్రేగా ఉంటుంది. సున్నా విలువ గల నల్ ఎదురైనచోట ముగుస్తుంది. పాత సీ గ్రంథాలయాలతో పనిచేసే ప్రోగ్రాములకు మొదటి రూపాన్ని రెండవ రూపంలోకి మార్చడం తప్పనిసరి. ఈ మార్పిడిలో తెలుగు పాఠానికి నష్టం ఎక్కడ కలుగుతుందో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. నల్ పాత్ర

నష్టానికి నల్ కారణమని మొదట అనిపించవచ్చు. కానీ 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ రూపొందించిన యూటీఎఫ్-8 సంకేత విధానంలో నల్‌కు తప్ప మరే గుర్తుకూ సున్నా బైట్ రాదు. కాబట్టి తెలుగు పాఠం మధ్యలో ఆగిపోదు. యూటీఎఫ్-16లో పదాల మధ్య ఖాళీకే ఒక సున్నా బైట్ ఉంటుంది. ఆ పాఠాన్ని బైట్ల అర్రేగా చదివితే మొదటి పదంతోనే ముగుస్తుంది. యూటీఎఫ్-8 వాడినంతవరకు చిక్కు నల్‌లో లేదు, నిడివిని కొలిచే ప్రమాణంలో ఉంది.

3. మూడు కొలతలు

యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు సంకేతానికి 3 బైట్లు. 'తెలుగు' అనే మాటలో మూడు హల్లులు, మూడు గుణింతపు గుర్తులు కలిపి 6 సంకేతాలు, 18 బైట్లు. 'స్త్రీ'లో మూడు హల్లులు, రెండు విరామ చిహ్నాలు, ఒక ఈత్వం కలిపి అవే 6 సంకేతాలు, 18 బైట్లు. నల్‌తో కలిపి రెండింటికీ 19 బైట్ల అర్రే కావాలి. యంత్రానికి ఇవి సమానమైన నిడివి గలవి. ఛందస్సులో మొదటిది మూడు లఘువులు, రెండవది ఒకే గురువు. క్యారెక్టర్‌ను 'అక్షరం' అని అనువదించడం ఈ భేదాన్ని మరుగుపరుస్తుంది.

4. కోత

10 బైట్ల అర్రేలో చివరి స్థానం నల్‌కు విడిచి తక్కిన 9 నింపితే 'తెలుగు' 'తెల' అవుతుంది; 'స్త్రీ' 'స్త' అవుతుంది, గురువు లఘువుగా మారుతుంది. సంకేతం మధ్యలో తెగితే చెడిన గుర్తు తెరపై కనిపిస్తుంది, దోషం బయటపడుతుంది. ఇక్కడ మిగిలినవి సంకేతపరంగా నిర్దుష్టమైన రూపాలు. యంత్రం వీటిని తప్పుపట్టదు. పదాల పౌనఃపున్యాన్ని లెక్కించే పరిశోధకుని పట్టికలో 'తెల' మరో పదంగా చేరుతుంది. కనిపించే దోషం కంటే కనిపించని ఈ దోషమే పరిశోధనకు ఎక్కువ హాని చేస్తుంది.

సంకేతాల హద్దు చూసి కోయడం కూడా చాలదు. యూనికోడ్ సాధారణ విభజన సూత్రాలు సైతం చాలాకాలం 'స్త్రీ'ని స్, త్, రీ అని మూడు ముక్కలుగానే చూశాయి. 2023 నాటి 15.1 సంచికలో చేరిన సూత్రంతో తెలుగు సంయుక్తాక్షరం ఒకే ఖండంగా గుర్తింపు పొందింది.

5. ముగింపు

అర్రే పరిమాణాన్ని బైట్లలోనే లెక్కించాలి; కోత తప్పనప్పుడు అక్షరపు హద్దులోనే కోయాలి. పరిభాషలో క్యారెక్టర్‌ను క్యారెక్టర్‌గానే ఉంచి, 'అక్షరం' అనే మాటను లాక్షణికులు వాడిన అర్థానికే పరిమితం చేయడం సముచితం. తెలుగు పాఠాలను యంత్రానికి అప్పగించే పరిశోధకులు మొదట తేల్చుకోవలసినది తాము దేనిని లెక్కిస్తున్నారన్నదే.