రిచ్‌మండ్ భవనంలో పనివాళ్లు ఎవరు?

అమెరికా అంతర్యుద్ధ (1861–65) చరిత్రను చూపే రెండు చోట్లను వర్జీనియా రాష్ట్రంలోని రిచ్‌మండ్‌లో మేము ఒకే రోజు చూశాం. ఒకటి, జేమ్స్ నది ఒడ్డున ట్రెడెగర్ ఇనుప కార్ఖానా శిథిలాల నడుమ 2019లో తెరిచిన అమెరికన్ సివిల్ వార్ మ్యూజియం. రెండోది, అదే సంస్థ నిర్వహిస్తున్న పాత భవనం. 1818లో కట్టిన ఈ భవనంలో దక్షిణాది కూటమి అధ్యక్షుడు జెఫర్సన్ డేవిస్ 1861 నుంచి 1865 ఏప్రిల్ దాకా కాపురమున్నాడు. అతడు నగరం విడిచిన రెండు రోజులకే లింకన్ అక్కడ అడుగుపెట్టాడు.

1896లో దక్షిణాది స్మృతిచిహ్నాల ప్రదర్శనశాలగా మారిన ఈ ఇంటిని 1988 నాటికి యుద్ధకాలపు రూపానికి తెచ్చారు. పునరుద్ధరణలోని శ్రద్ధ మెచ్చదగ్గదే. అయితే తివాచీలనూ తెరలనూ మళ్లీ నేయించవచ్చు. ఆ గదులు ఊడ్చిన మనుషులను తిరిగి నిలపడానికి మాట తప్ప సాధనం లేదు. కాబట్టి ఆ మాటను పరీక్షించాలి.

యజమానులు వారిని 'సర్వెంట్లు' అనేవారు. మనం 'పనివాళ్లు' అని తెలిగిస్తే ఆ కపటాన్నే కొనసాగించినట్లు. డేవిస్ గుర్రబ్బండి తోలిన విలియం జాక్సన్ జీతగాడు కాడు, బానిస. 1862లో తప్పించుకొని ఉత్తరాది సైన్యాన్ని చేరి, తాను విన్న సంగతులు చెప్పాడు.

మ్యూజియం ఇంగ్లీషులో ఇప్పుడు 'స్లేవ్'కు బదులు 'ఎన్‌స్లేవ్డ్ పర్సన్' అంటున్నారు. మనిషిని అతని దుస్థితి పేరుతో పిలవకపోవడం ఇందులోని మేలు. కానీ బానిసను చేసిందెవరో ఈ కర్మణి రూపం చెప్పదు. 'బానిసగా చేయబడిన వ్యక్తి' అన్నది మన నుడికారానికి పొసగదు. తెలుగు వాక్యం కర్తను కోరుతుంది: 'ఫలానావారు బానిసలుగా ఉంచుకున్న మనుషులు.' ఇందులో యజమానికి దాక్కునే చోటు లేదు. ఈ విషయంలో మన వ్యాకరణమే ఎక్కువ నిజాయితీగా ఉందని మా అభిప్రాయం.

ఈ పరీక్ష రిచ్‌మండ్‌కే పరిమితం కాదు. మదురైలోని మన విద్యార్థులు తిరుమల నాయకుని మహలుకు వెళ్లినప్పుడు 'నాయకుడు కట్టించాడు' అనే వాక్యం వింటారు. 'కట్టాడు' కాదు, 'కట్టించాడు'. ఆ ప్రేరణార్థక క్రియ వెనుక కట్టినవాళ్లున్నారు. వాళ్లెవరని అడగడంతో చరిత్ర చదువు మొదలవుతుంది.