మనం, మేం, మధ్యలో స్టీరింగ్

మన యాత్రా రచనలు చదివేటప్పుడు నేను ఒక మాట దగ్గర ఆగిపోతుంటాను: ‘మేం’. మేం పొద్దున్నే బయల్దేరాం, ఆ రాత్రి మేం ఫలానా ఊళ్లో ఆగాం, మాకు ఆ కోట అంతగా నచ్చలేదు. రాసింది ఒకరు, వెళ్లింది ఇద్దరు. పొద్దున్నే బయల్దేరదామన్నది ఎవరు? ఇంకో గంట పడుకుందామన్నది ఎవరు? కోట నచ్చనిది ఇద్దరికీనా?

ఇంగ్లీషువాడికి ఈ గొడవ లేదు, వాడికి ఉన్నది ఒక్కటే మాట. మనకి రెండున్నాయి. ఎదుటి మనిషిని కలుపుకుంటే ‘మనం’, బయట నిలబెడితే ‘మేం’. మొగుడూ పెళ్లాం మంచం మీద కూచుని ఫోన్లో మ్యాపు చూస్తూ మాట్లాడుకునేదంతా ‘మనం’లో ఉంటుంది. మనం ఎక్కడ దిగుదాం, మనం ఎంత ఖర్చు పెడదాం, ఆ కొండ రోడ్డు మనవల్ల అవుద్దా. తిరిగొచ్చి రాసేటప్పటికి అదంతా ‘మేం’ అయిపోతుంది. బయట నిలబడింది పాఠకుడొక్కడే అనుకుంటాం గానీ, ఆ ఇద్దర్లో రాయని మనిషి కూడా చాలాసార్లు బయటే ఉండిపోతుంది. (స్త్రీలింగం కావాలనే వాడాను.)

ఈ ఆలోచన ఊరికే రాలేదు. వచ్చే వేసవిలో నేనూ మా ఆవిడా స్కాట్లండ్‌లో ఐదు రోజులు కారు అద్దెకి తీసుకుని తిరుగుదామనుకుంటున్నాం. నాది బందరు, తనది గుడివాడ. తెలియని దేశంలో ఇద్దరమే, మా అంతట మేమే నడుపుకుంటూ వెళ్లడం ఇదే మొదటిసారి. ఎక్కడ తినాలో, ఎక్కడ ఫొటో దిగాలో చెప్పేవాళ్లు లక్షమంది ఉన్నారు. ఇద్దరు మనుషులు ఒక దారిని ఎలా తేల్చుకుంటారన్నది ఎవరైనా రాశారా అని తెలుగు పుస్తకాలు తిరగేయడం మొదలుపెట్టాను.

మొదట ఏనుగుల వీరాస్వామయ్య. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఈయన 1830 మే 18న బయల్దేరి, కాశీ దాకా వెళ్లి, 1831 సెప్టెంబరు 3న తిరిగి మద్రాసు చేరాడు. దారిలో మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లైకి రాసిన సంగతులే 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చయ్యాయి. అప్పటికి ఆయన లేడు. సాహిత్యం చదువుకున్నవాళ్లు ఈ పుస్తకాన్ని సామాజిక చరిత్రగా చదువుతారు. ఇంజనీరింగ్ చదివినవాణ్ణి కాబట్టి నేను రూట్ మ్యాపుగా చదివాను, అలా చదివితే ఇంకా గొప్పగా ఉంది. మజిలీకి మజిలీకి ఎంత దూరం, నీళ్లు మంచివా కావా, సత్రం ఉందా, అంగట్లో ఏం దొరుకుతాయి, దారి రాళ్లదా ఇసకదా. తెలియని చోటంటే ఆయనకి భయమూ ఉంది, ఆ భయం మీద గౌరవమూ ఉంది. ప్రకృతి ఒడిలో సేద తీరుతూ మొదలయ్యే ఇప్పటి యాత్రా వ్యాసాల్లో నాకు ఆ గౌరవం కనపడదు.

అయితే వీరాస్వామయ్య ఒంటరిగా వెళ్లలేదు. కుటుంబం, పరివారం కలిపి ఆ గుంపు సుమారు వందమంది. ఫలానా మజిలీలో ఇంకో రోజు ఆగుదామని ఇంటి ఆడవాళ్లు అడిగారా, అడిగితే ఆయనేమన్నాడు? ఊరూరి నీళ్ల సంగతీ తెలుస్తుంది గానీ, ఆ నీళ్లు తాగిన ఇల్లాలు ఏమందో తెలియదు. 1830లో రాసిన మనిషిని ఇవాళ్టి లెక్కతో తూచడం నా ఉద్దేశం కాదు. ఆ అలవాటు ఆయనతో ఆగిపోలేదని చెప్పడానికే ఇదంతా.

ఇంకా వెనక్కి వెళ్తే, తెలియని దేశం మా ఊరే. ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే 1652లో పర్షియా రేవు బందర్ అబ్బాస్ నుంచి ఓడెక్కి మా బందర్లో దిగాడు. ఆ బందరు నుంచి ఈ బందరుకి అన్నమాట. ఆయన యాత్రలు 1676లో పారిస్‌లో అచ్చయ్యాయి. ఆయనదీ అదే పద్ధతి: మజిలీలు, కోసుల లెక్కలు, నాణేల మారకం. దూరం అంటే భయం ఉన్న రోజుల్లో ప్లానే పుస్తకం. ఇప్పుడు దూరం లెక్క ఫోన్ చూసుకుంటోంది కాబట్టి ప్లాను పుస్తకంలోంచి జారిపోయింది. దాంతోపాటు ఫోన్ చూసుకోలేని భాగం కూడా, అంటే ఎవరి మాట నెగ్గింది, ఎవరు సరేనని ఊరుకున్నారు అన్నది కూడా, జారిపోయింది.

నాయని కృష్ణకుమారి ‘కాశ్మీర దీపకళిక’ కొంత వేరు. విద్యార్థినులతో కలిసి చేసిన యాత్ర అది, కాబట్టి అక్కడి ‘మేం’లో నిజంగానే చాలామంది పడతారు. కానీ అది జంట కథ కాదు.

జంట, కారు అనగానే తెలుగు పాఠకులకి తట్టే పేరు యద్దనపూడి సులోచనారాణి. ఆమె 1940లో పుట్టిన కాజ, మొవ్వ దగ్గర పల్లె. ‘సెక్రటరీ’ నవల 1976లో సినిమా అయినప్పుడు కథానాయకుడు అక్కినేని నాగేశ్వరరావు. ఆయనదేమో గుడివాడ దగ్గర రామాపురం. కారులో వచ్చే కథానాయకుణ్ణి ఊహించిన మనిషీ, ఆ కారు తెర మీద నడిపిన మనిషీ ఇద్దరూ మా కృష్ణా డెల్టా వాళ్లేనన్నమాట. కాలవగట్ల మీద ఎడ్లబళ్లు, సైకిళ్లు తిరిగే చోటు నుంచి అంత పెద్ద కార్లు వచ్చాయి!

యద్దనపూడి కార్లని ఎగతాళి చెయ్యడం మన విమర్శకి పాత అలవాటు. నేను ఆ జట్టులో లేను. 1960ల్లో, 70ల్లో పెళ్లికాని ఆడపిల్లా మగపిల్లాడూ తలుపు వేసుకుని మాట్లాడుకోగలిగిన గది ఏదైనా ఉందంటే అది కారే. కదిలే గది. ఇంట్లోంచి కదల్లేని పాఠకురాలికి ఆ కదలిక ఎంత పెద్ద కోరికో మర్చిపోయి ‘పలాయన సాహిత్యం’ అని చీటీ అతికించడం తేలిక. నా పేచీ స్టీరింగ్ దగ్గర. ఆ నాయికలకి ఆత్మాభిమానం ఉంది, ఉద్యోగం ఉంది, ఎదురుచెప్పే నోరు ఉంది. కారు దగ్గరికి వచ్చేసరికి వాళ్లకి మిగిలేది ఎక్కడమా మానడమా అన్న స్వేచ్ఛ ఒక్కటే. ఎక్కాక దారి వాళ్ల చేతుల్లో లేదు. తలుపు దగ్గర అంత పెద్ద యుద్ధం చేసిన మనిషి, లోపల కూచున్నాక ఎటు పోదామని అడగదు. అడగనివ్వకపోవడం రచయిత్రి లోపమా, ఆ కాలపు పాఠకురాలి కోరికే అంతవరకా? రెండోదనే నాకనిపిస్తుంది.

సినిమా ఈ సమస్యని పాటతో దాటేసింది. వీసా లేదు, బడ్జెట్ లేదు, పల్లవికి ఊటీ, చరణానికి స్విట్జర్లండ్. పాట అయ్యాక మళ్లీ ఇంటి వరండా. జంట కలిసి దారి వెతుక్కునే సినిమాగా నాకు గుర్తొచ్చేది రామ్‌గోపాల్ వర్మ ‘క్షణ క్షణం’ (1991). అక్కడా వెనక రౌడీలు తరుముతున్నారు కాబట్టే వెతుక్కున్నారు. ఎవరూ తరమకుండా, సెలవు పెట్టుకుని, తీరుబడిగా పోట్లాడుకుంటూ దారి ఎంచుకునే మొగుడూపెళ్లాలు మన తెర మీద నాకు తగల్లేదు.

పుస్తకాల్లో దొరక్క, మేం దివిసీమలో రిహార్సల్ చేశాం. సంక్రాంతికి గుడివాడ వెళ్లినప్పుడు అక్కణ్ణుంచి పామర్రు, కూచిపూడి, చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ, కోడూరు మీదుగా హంసలదీవి దాకా. బండి తోలింది మా ఆవిడ. తను నాకంటే నాలుగేళ్ల ముందు లైసెన్సు తీసుకుంది. బయల్దేరే ముందు మా అత్తగారు నన్ను పక్కకి పిలిచి, “మీరు తోలతారా బాబూ, అమ్మాయి తోలుద్దా?” అని అడిగింది. అమ్మాయేనని చెప్తే ఒక్క క్షణం ఊరుకుని, “చీకటి పడకముందే పులిగడ్డ వంతెన ఇవతలికి వచ్చెయ్యండి” అంది. 1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత పుట్టిన మాకు దివిసీమంటే సముద్రం, కృష్ణ సంగమం, ఒక ఆదివారం. ఆవిడకి దివిసీమంటే ముందు తిరిగొచ్చే దారి. అందరి మ్యాపుల్లోనూ ఒకే రోడ్డు ఉంటుంది గానీ, ఎవరి ప్లాను ఎక్కడ మొదలవుతుందన్నది వేరు.

అవనిగడ్డలో కారాపి దారి అడిగాం. అద్దం దించి అడిగింది తను. ఆ పెద్దాయన వంగి, తనని దాటి, ఎడమ సీట్లో ఉన్న నాకు చెప్పాడు. ఎక్కడ కుడికి తిరగాలో నాకు చెప్పి, “జాగర్తండీ” అని కూడా నాకే చెప్పాడు. మర్యాదస్తుడు, తప్పు పట్టడానికేమీ లేదు. మన యాత్రా రచన వినే పద్ధతే అది. స్టీరింగ్ దగ్గర ఎవరున్నా, జవాబు ‘మేం’ అని రాయబోయే మనిషికి వెళ్తుంది.

కోడూరు దాటాక రోడ్డు సన్నగిల్లింది. ఎదురుగా ధాన్యం బస్తాల ట్రాక్టరు. ఇలాంటి చోట రాయని చట్టం ఒకటుంది: బరువున్న బండి కదలదు, ఖాళీ బండి అంచుకి దిగాలి. తను దింపింది. ట్రాక్టరతను చెయ్యెత్తి పోయాడు. మేం స్కాట్లండ్‌లో వెళ్దామనుకుంటున్న రోడ్లలో చాలా భాగం ఇలాంటివేనని నేను అప్పుడే చదివి ఉన్నాను. ఒక్క బండి వెడల్పు, అక్కడక్కడా తప్పుకోవడానికి జాగా, దానికో బోర్డు. జాగా ఎడమన ఉంటే నువ్వు అందులోకి దూరాలి, కుడివైపు ఉంటే దానికి ఎదురుగా ఆగి అవతలివాణ్ణి దూరనివ్వాలి. ఇనవర్నెస్‌లో మొదలై ఉత్తర తీరం చుట్టి మళ్లీ అక్కడికే వచ్చే ఆ దారికి 2015లో ‘నార్త్ కోస్ట్ 500’ అని పేరు పెట్టి ప్రచారం మొదలుపెట్టారు. మొత్తం 516 మైళ్లు.

నేను చేసిన ఎక్సెల్ షీట్లో ఆ 516 మైళ్లూ ఐదు రోజుల్లో సర్దేశాను. తను భాగహారం చేసింది. రోజుకి 166 కిలోమీటర్లు. “బందరు నుంచి బెజవాడ పోయి రావటం కంటే ఎక్కువ, రోజూ. అదీ ట్రాక్టరుకి దిగుతూ. సెలవుకెళ్తున్నామా, డ్యూటీకెళ్తున్నామా?” అని రెండో రోజు గడిలో కామెంట్ పెట్టింది. చుట్టు మొత్తం మానేసి, ఇనవర్నెస్ నుంచి 57 మైళ్లు వెళ్లి ఉల్లాపూల్ అనే రేవు ఊళ్లో మూడు రాత్రులు ఉండి, అక్కణ్ణుంచే చుట్టుపక్కల చూద్దామని తన ప్రతిపాదన. ‘అంత దూరం వెళ్లి సగమేనా’ అని నా జవాబు. ‘సగం ఏంటి, 500 అన్నది బోర్డు మీద అంకె, మనది కాదు’ అని తను.

ఆపిల్‌క్రాస్‌కి వెళ్లే కనుమ దారి సంగతి ఇంకా తేలలేదు. గేలిక్‌లో దాని పేరుకి పశువుల కనుమ అని అర్థం. సముద్ర మట్టం నుంచి 626 మీటర్ల ఎత్తుకి ఎక్కుతుంది, హెయిర్‌పిన్ మలుపులతో. కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లు రావద్దని మొదట్లోనే బోర్డు. మేమిద్దరం కొండ కనపడని ఊళ్లలో బండి నేర్చుకున్నాం. మా వైపు ఎత్తంటే కాలవ వంతెన, రైల్వే ఫ్లైఓవర్.

ఆ షీటు ఇప్పుడు ఏ యాత్రా రచనకంటే ఆసక్తిగా చదువుతున్నాను. ఎవరు ఏ గడిలో ఏం రాశారో, ఏది కొట్టేశారో, ఎవరు రాత్రి పన్నెండింటికి ‘సరే’ అన్నారో, ఆ ‘సరే’లో ఎంత ఇష్టం ఉందో, అన్నీ అందులో ఉన్నాయి. వీరాస్వామయ్య మజిలీల లెక్కా ఉంది, ఆయన దగ్గర లేని రెండో గొంతూ ఉంది. భార్యాభర్తలు కలిసి వెళ్లొచ్చి పుస్తకం వేసే వాళ్లని నేను అడిగేది ఇదే. బయల్దేరే ముందు జరిగిన వాదన ఓ పది పేజీలు ఉండనివ్వండి. సూర్యాస్తమయాలు కాసిని తగ్గినా ఫర్వాలేదు.

బ్రిటన్‌లో సందర్శకులు మన లైసెన్సుతోనే 12 నెలల దాకా కారు నడపొచ్చు. కాబట్టి లైసెన్సు పేచీ లేదు. కారు అద్దె ఫారంలో మాత్రం రెండు గడులున్నాయి: మొదటి డ్రైవరు, అదనపు డ్రైవరు. మొదటి డ్రైవరు పేరు మీదున్న క్రెడిట్ కార్డు కావాలి. అదనపు డ్రైవరుకి రోజుకింత అని వేరే రుసుము. మొదటి గడిలో తన పేరు రాశాం. రెండో గడి ఖాళీగా ఉంది. ఆ డబ్బు దండగ అంటాను నేను, ఐదు రోజులూ నేనే తోలాలా అంటుంది తను. ఐదు రోజులు ఎడమ సీట్లో, మ్యాపు పట్టుకుని, వంగి దారి అడుగుతూ కూచున్న మగవాడు ఏం చూస్తాడో తెలుగులో నాకెక్కడా కనపడలేదు కాబట్టి నాకు ఆ సీటు మీద ఆశ ఉంది. తను దీన్ని సాహిత్య కారణంగా ఒప్పుకోవడం లేదు. కనుమ దారి ఉన్న మూడో రోజు గడిలో తను పెట్టిన ప్రశ్నార్థకం అలాగే ఉంది, దాని కింద నేను పెట్టింది కూడా.